తేడా ఉంటే చాలదు, చేతికి తెలియాలి

(మా ఊరి గ్రంథాలయంలో గత ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. గృహోపకరణాల డిజైన్‌లో చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్న వక్త మాటల్ని, రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉన్నట్టుంది. మాస్టారూ, మీరు స్విచ్‌బోర్డు పక్కనే ఉన్నారు, నా నెత్తి మీదున్న ఈ ఫ్యాన్ ఒక్కటి ఆపుతారా? అది కాదండీ, అది ట్యూబ్‌లైటు. అదీ కాదు, అది వెనక ఫ్యాన్. దాని పక్కది చూడండి... ఆఁ, అదే. థాంక్సండీ.

చూశారా, నేను మొదలుపెట్టకముందే ప్రసంగం మొదలైపోయింది. మాస్టారూ, మీరు ఈ లైబ్రరీకి ఎన్నేళ్లుగా వస్తున్నారు? పన్నెండేళ్లు! పన్నెండేళ్లుగా వస్తున్న మనిషి ఒక్క ఫ్యాన్ ఆపడానికి మూడు స్విచ్‌లు నొక్కారు. ఆయన నొక్కుతుంటే మనం నవ్వాం. ఆయనా నవ్వి, ‘పెద్దవాణ్ని అయిపోయానండీ’ అన్నారు. వయసుదేముంది మాస్టారూ, ఆ బోర్డు ఒకసారి చూడండి. ఎనిమిది స్విచ్‌లు. ఎనిమిదీ తెలుపే, ఎనిమిదీ ఒకే సైజు, ఒకే వరస. ఫ్యాన్లేమో పైకప్పుకి రెండు వరసల్లో ఉన్నాయి. ఏ స్విచ్ దేనిదో బోర్డు మీద ఎక్కడైనా ఉందా? లేదు. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌కి తెలుసు. ఆయన డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు.

ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇంతే. రెండింటి మధ్య తేడా ఉండటం వేరు, ఆ తేడా మనిషికి తెలియడం వేరు. ఆ ఎనిమిది స్విచ్‌లకూ తేడా ఉంది, లోపల వైర్లలో ఉంది. మన కంటికి అందలేదు, చేతికి అసలే అందలేదు. కన్ను, చెవి, చర్మం, ముక్కు ఏ తేడాని పట్టుకుంటాయి, దేన్ని వదిలేస్తాయి అని కొలిచే మనస్తత్వశాస్త్రం ఒకటుంది. దానికి పెద్ద పేరుంది, ఆ పేరుతో మనకి పనిలేదు. అది మన వంటింట్లో, జేబులో, స్విచ్‌బోర్డులో ఎక్కడుందో చూద్దాం.

ముందు ఒక చిన్న ఆట. ఈ పళ్లెంలో నలభై నాణేలున్నాయి. రూపాయి, రెండు, ఐదు, పది, ఇరవై, అన్నీ కలిపి. పళ్లెం మీ దగ్గరికి వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఒక రెండు రూపాయల బిళ్ల తీయండి. తీశాక కళ్లు తెరిచి చూసుకుని, మళ్లీ అందులోనే వేసి పక్కవారికి ఇవ్వండి. ఇటు నుంచి మొదలుపెట్టండమ్మా. పళ్లెం తిరుగుతూ ఉంటుంది, నేను మాట్లాడుతూ ఉంటాను.

మా ఇంటి కథ ఒకటి చెప్తాను. పడగ్గది తలుపు పక్కన ఆరు స్విచ్‌ల బోర్డు. రాత్రిపూట మంచినీళ్లకి లేచి ఫ్యాన్ తగ్గిద్దామని చెయ్యి పెడితే పెద్ద లైటు వెలిగేది. పడుకున్నవాళ్లందరూ లేచి కూర్చునేవాళ్లు. నేనేమో ఇంజనీరుని, కంపెనీలో ఇలాంటివే డిజైన్ చేసేవాణ్ని. ‘లేబుల్ ప్రింట్ చేసి అంటిస్తాను’ అని ఆరు నెలలు అంటూ గడిపాను. ఒకరోజు మా అమ్మ తన బొట్టుబిళ్లల అట్ట తీసి, రాయి పొదిగిన బిళ్ల ఒకటి ఊడదీసి పెద్ద లైటు స్విచ్ మీద అంటించింది. గమనించండి, మామూలు నున్నటి బిళ్ల కాదు, రాయి ఉన్నది. ఎందుకమ్మా అంటే, ‘చీకట్లో నున్నటిది తెలుస్తుందా?’ అంది. ఆ రాత్రి నుంచి ఒక్కరోజు కూడా ఆ లైటు పొరపాటున వెలగలేదు. నేను లేబుల్ అంటించి ఉంటే ఏమయ్యేది? లేబుల్ చదవడానికి లైటు వెయ్యాలి కదా!

ఇప్పుడు మా అమ్మ చేసిన పనే యుద్ధ విమానంలో చేసిన మనిషి గురించి చెప్తాను. పేరు ఆల్ఫాన్స్ చపానిస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యపు వైమానిక విభాగంలో పనిచేసిన సైకాలజిస్టు. అప్పుడు బీ-17 అనే బాంబర్ విమానాలతో ఒక విచిత్రమైన సమస్య వచ్చింది. యుద్ధానికి వెళ్లి, బాంబులు వేసి, తుపాకీ గుళ్లు తప్పించుకుని, క్షేమంగా తిరిగొచ్చి, రన్‌వే మీద దిగాక పైలట్లు చక్రాలు పైకి ముడిచేసేవాళ్లు! నేల మీద పరుగెత్తుతున్న విమానానికి చక్రాలు ముడిచేస్తే ఏమవుతుంది? పొట్ట మీద కూలబడుతుంది. రిపోర్టులో ఏం రాసేవాళ్లు? ‘పైలట్ తప్పిదం’. అలసిపోయాడు, అజాగ్రత్త, శిక్షణ చాలలేదు, ఇలా.

చపానిస్ వెళ్లి కాక్‌పిట్‌లో కూర్చుని చూశాడు. రెక్కల వెనక కిందికి దిగే ఫ్లాప్స్ ఉంటాయి చూడండి, విమానం దిగాక వాటిని మూసేయాలి. ఆ ఫ్లాప్స్ స్విచ్, చక్రాల స్విచ్ పక్కపక్కనే ఉన్నాయి. అచ్చం ఒకలాంటివే. మన మాస్టారి బోర్డు లాగా! అదే కాలంలో సీ-47 అనే రవాణా విమానం పైలట్లు ఈ తప్పు చేయడం లేదు, ఎందుకంటే అందులో ఆ రెండింటి అమరిక వేరు. వాళ్లూ అలాంటి పైలట్లే, వాళ్లకీ అలాంటి అలసటే. మరి తప్పు మనిషిలో ఉంటే రెండు విమానాల్లోనూ ఉండాలి కదా?

ఆయన ఏం చేశాడో తెలుసా? చక్రాల మీట చివర ఒక చిన్న రబ్బరు చక్రం తగిలించాడు. ఫ్లాప్స్ మీట చివర రెక్కలాంటి ఏటవాలు ముక్క తగిలించాడు. అంతే. చూడక్కర్లేదు, చెయ్యి పెడితే చాలు. ఆ తప్పులు దాదాపు ఆగిపోయాయి. మీరెప్పుడైనా శంషాబాద్‌లో విమానం ఎక్కితే గుర్తు చేసుకోండి, పైలట్ ముందు చక్రాల మీట చివర ఇప్పటికీ చిన్న చక్రం ఆకారమే ఉంటుంది. ప్రయాణికుల విమానాల నిబంధనల్లోకే అది ఎక్కింది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అని ఇద్దరు ఇలాంటి ‘పైలట్ తప్పిదాలు’ 460 సేకరించి ఒక్కొక్కటీ విప్పి చూశారు. ఒక మీట బదులు ఇంకో మీట పట్టుకోవడమే పెద్ద వాటా. ‘పైలట్ తప్పిదం’ అన్న మాటని వాళ్లు శీర్షికలో కోట్స్ మధ్య పెట్టారు. ఆ కోట్స్ అంటే నాకు చాలా ఇష్టం.

పళ్లెం ఎక్కడిదాకా వచ్చింది? రెండో వరసేనా? ఐదు తీశారా మీరు? పర్లేదు, వెయ్యండి, వెయ్యండి.

సరే, తేడా ఉండాలి. ఎంత ఉండాలి? ఈ ప్రశ్న జర్మనీలో లైప్‌జిగ్ యూనివర్సిటీలో ఎర్నెస్ట్ వెబర్ అనే ప్రొఫెసర్ వేసుకున్నాడు, 1830ల్లో. ఆయన మనుషుల చేతికి బరువులిచ్చి, కొంచెం కొంచెం మార్చి, ఎప్పుడు తేడా తెలుస్తుందో అడిగాడు. తేలిందేమిటంటే, ఇన్ని గ్రాములు పెరిగితే తెలుస్తుంది అని ఒక లెక్క ఉండదు. మొదట ఎంత ఉందో దానిలో ఎన్నో వంతు అనేదే లెక్క. చేత్తో ఎత్తే బరువుకి ఆ వంతు సుమారు నలభయ్యోది.

ఇది మన కూరగాయల బండి దగ్గర చూడొచ్చు. పావుకిలో పచ్చిమిరపకాయల సంచిలో ఇంకో గుప్పెడు వేస్తే మీ చేతికి తెలుస్తుంది. ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలో అదే గుప్పెడు బియ్యం తీసేయండి. ఎవరికి తెలుస్తుంది? గుప్పెడు గుప్పెడే. మారింది దాని పక్కనున్నది. వెబర్ తర్వాత అదే ఊళ్లో గుస్తావ్ ఫెహ్నర్ అని భౌతికశాస్త్రవేత్త, రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ని చూసి చూసి కళ్లు పాడుచేసుకున్న మనిషి, ఈ లెక్కలన్నీ కట్టగట్టి 1860లో పెద్ద పుస్తకం వేశాడు. ఆయన కథ ఇంకోసారి.

ఈ వెబర్ లెక్క చేత్తో పట్టుకుని మన జేబులోకి వెళ్దాం. మా వీధి చివర ఒకప్పుడు ఎస్టీడీ బూత్ ఉండేది. నడిపే మిత్రుడికి చూపు లేదు. నోటు ఇస్తే వేళ్ల మధ్య పెట్టి ఒక్క క్షణం జరిపేవాడు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చేసేవాడు. నేనెప్పుడూ ఆయన పొరపాటు పడగా చూడలేదు. ఎలా అని అడిగితే, ‘చూపుడు వేలు మొదట్నుంచి కొలుస్తానండీ, వంద ఇక్కడిదాకా, ఐదొందలు ఇక్కడిదాకా’ అని చూపించాడు. 1996లో మొదలైన పాత గాంధీ నోట్లలో వంద నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, ఐదొందలది 167, వెయ్యి 177. ఒక్కో మెట్టుకి సెంటీమీటరు. సుమారు ఆరు శాతం. వేలికి అందే తేడా.

2016 నవంబరు నుంచి కొత్త నోట్లు వచ్చాయి. వంద నోటు కొత్తది 142 మిల్లీమీటర్లు. రెండొందలది 146. ఐదొందలది 150. ఎత్తు మూడింటికీ ఒకటే, 66. మెట్టుకి నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతో తెలుసా? రెండు బియ్యపు గింజలు పక్కపక్కన పెడితే వచ్చే మందం. మూడు శాతం కూడా లేదు. పైగా వెబర్ ప్రయోగాల్లో రెండింటినీ పోల్చే అవకాశం ఉంటుంది, దీని తర్వాత అది. బూత్‌లో కూర్చున్న మనిషి చేతిలో ఒక్క నోటే ఉంటుంది. పోల్చుకోవాల్సింది జ్ఞాపకంతో.

కాగితం మీద తేడా ఉందా? ఉంది. ఎవరైనా అడిగితే స్కేలు పెట్టి చూపించొచ్చు. మా మిత్రుడి వేలికి ఉందా? లేదు. ఆయన నాతో అన్న మాట, ‘నలభై ఏళ్ల వయసులో మళ్లీ గుడ్డివాణ్ని అయ్యానండీ’ అని. కావాలని ఎవరూ చేయలేదు, నాకు తెలుసు. అయినా కోపం వస్తుంది.

చూపులేనివారి కోసం నోటు మీద ఉబ్బెత్తు గుర్తులున్నాయి, అది కూడా చెప్పాలి. వంద మీద త్రిభుజం, రెండొందల మీద హెచ్ ఆకారం, ఐదొందల మీద వృత్తం, అంచుల్లో ఏటవాలు గీతలు. కొత్త నోటు మీద వేలికి తగులుతాయి. చేపల మార్కెట్టు, పెట్రోలు బంకు, కల్లు దుకాణం అన్నీ తిరిగొచ్చిన నోటు మీద వెతికి చూడండి! నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ వాళ్లు ఈ విషయం మీద బాంబే హైకోర్టుకి వెళ్లారు. 2020 మొదట్లో రిజర్వు బ్యాంకు ‘మణి’ అని ఒక యాప్ తెచ్చింది, ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే ఎంతో పలుకుతుంది. మంచిదే. కానీ వేళ్ల మధ్య ఒక్క క్షణంలో అయ్యే పనికి ఇప్పుడు ఫోన్ తీయాలి, తెరవాలి, నోటు చాపి పట్టాలి. అవతల ఆటోవాడు హారన్ కొడుతుంటాడు.

ఇంక నాణేలు. నవ్వుతున్నారు, అంటే తప్పులు బాగానే జరుగుతున్నాయన్నమాట. ఆ పళ్లెంలో ఏముందో ఇప్పుడు చెప్తాను. 2007 ప్రాంతంలో వచ్చిన రూపాయి బిళ్ల, బొటనవేలు చూపించే బొమ్మ ఉంటుంది చూడండి, అది అడ్డంగా కొలిస్తే 25 మిల్లీమీటర్లు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల కూడా 25 మిల్లీమీటర్లు. 2019లో వచ్చిన ఐదు రూపాయల బిళ్ల ఎంత? అదీ 25. మూడూ ఇవాళ చెల్లుతాయి, మూడూ ఒకే జేబులో ఉంటాయి. ఒక్కో సిరీస్ విడిగా చూస్తే తప్పు లేదు, ఆ ఏడాది బిళ్లల మధ్య తేడా ఉంది. జేబు సిరీస్‌లు చూడదు కదండీ!

ఇక్కడ అరవై దాటినవాళ్లు చేతులెత్తండి. మీకు ఐదు పైసల బిళ్ల గుర్తుందా? నలుచదరం. పది పైసలు? పువ్వులా అంచు వంకర్లు తిరిగి ఉండేది. మూడు పైసలు, ఇరవై పైసలు ఆరు పలకలు. చిన్నపిల్లలు కూడా జేబులో చెయ్యి పెట్టి, చూడకుండా తీసి బఠాణీలు కొనుక్కునేవాళ్లు. సైజు తేడాని కొలవాలి, ఆకారం తేడాని కొలవనక్కర్లేదు. చపానిస్ రబ్బరు చక్రం చేసింది కూడా అదే. 2019లో వచ్చిన ఇరవై రూపాయల బిళ్లకి పన్నెండు పలకలు పెట్టారు. పది రూపాయల బిళ్లా అదే 27 మిల్లీమీటర్లు, కానీ అది గుండ్రం. ఆ సిరీస్ చూపులేనివారికి అనువుగా ఉండాలనే చేశారు. సంతోషం.

తేడా తెలియకపోవడం కొందరికి లాభం కూడా. బెల్ ల్యాబ్స్ అని అమెరికాలో టెలిఫోన్ కంపెనీ వారి పరిశోధనశాల. అక్కడ 1945లో చేరిన సైకాలజిస్టు జాన్ కార్లిన్. పాత ఫోన్ రిసీవర్‌కి వైరు ఉండేది కదా, అది ఎంత పొడవుండాలి అని ప్రశ్న. రాగి ఖరీదు, తగ్గిస్తే కంపెనీకి బోలెడు మిగులుతుంది. జనాన్ని అడిగితే ఏమంటారు? తగ్గించొద్దనే అంటారు. అందుకని ఆయన ఎవర్నీ అడగలేదు. తన తోటి ఉద్యోగుల బల్లల మీది ఫోన్లకి, వాళ్లు లేనప్పుడు, కొన్ని రోజులకోసారి ఒక్కో అంగుళం వైరు తగ్గిస్తూ పోయాడు. మూడడుగుల వైరు. అంగుళం పోయింది, రెండు పోయాయి, మూడు పోయాయి, ఎవరూ ఏమీ అనలేదు. మొత్తం అడుగు పోయేదాకా ఒక్కరూ గమనించలేదు!

ఒకేసారి అడుగు కత్తిరించి ఉంటే ఆ సాయంత్రమే గొడవ అయ్యేది. ఇది విని మీకు బిస్కట్ ప్యాకెట్ గుర్తొచ్చిందా? నాకు అదే గుర్తొస్తుంది. ఐదు రూపాయల ప్యాకెట్ ఎన్నేళ్లుగానో ఐదు రూపాయలే. లోపల గ్రాములు మాత్రం ఒక్కో అంగుళం చొప్పున, అంటే నా ఉద్దేశం ఒక్కో బిస్కట్ చొప్పున తగ్గిపోతూ వచ్చాయి. ధర మారిస్తే తెలుస్తుంది, ఐదు ఆరైతే ఇరవై శాతం. బరువు రెండు శాతం తగ్గితే చేతికి తెలియదు. వెనక చిన్న అక్షరాల్లో నిజం రాసే ఉంటుంది. చట్టం ప్రకారం తేడా చెప్పినట్టే. మనకి తెలిసినట్టా?

కార్లిన్‌ని మోసగాడనుకోకండి పాపం. డయల్ ఫోన్లో అంకెలు వేలు పెట్టే రంధ్రాల్లోంచి బయటికి జరిపినప్పుడు జనం నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టారు. ఖాళీ రంధ్రం మధ్యలో ఒక చిన్న చుక్క పెట్టించింది ఆయనే. వేలికి గురి దొరికింది, వేగం తిరిగొచ్చింది. ఒక్క చుక్క!

వంటింట్లోకి వెళ్దాం. మూడు, నాలుగు బర్నర్ల స్టవ్ ఉన్నవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. రెండు బర్నర్లప్పుడు గొడవ లేదు, ఎడమ నాబ్ ఎడమది, కుడి నాబ్ కుడిది. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. నాలుగు బర్నర్లు చతురస్రంగా పెట్టి, నాబ్‌లు మాత్రం ముందు వరసగా నాలుగు పెట్టారనుకోండి. ఎడమ వైపు రెండు నాబ్‌లు. ముందు బర్నర్‌కి ఏది, వెనకదానికి ఏది? ఇంటి మనిషి కూడా ఒక క్షణం ఆగుతుంది. కాఫీ గిన్నె ముందు పెట్టి వెనక బర్నర్ వెలిగించని ఇల్లు ఉందా?

1959లో ఈ స్టవ్ మీద ప్రయోగం చేశారు. ఎవరనుకున్నారు? మన చపానిసే! యుద్ధం అయిపోయింది, ఆయన విమానంలోంచి దిగి వంటింట్లోకి వచ్చాడు. లిండెన్‌బామ్ అనే సహచరుడితో కలిసి నాలుగు రకాల అమరికలు పెట్టి, జనంతో నాబ్‌లు పట్టించి, తప్పులు లెక్కపెట్టాడు. బర్నర్లని చతురస్రంగా కాకుండా కొంచెం అటూ ఇటూ జరిపి, ఎడమ నుంచి కుడికి చూస్తే ఏదీ ఇంకోదాని వెనక దాక్కోకుండా పెట్టిన అమరికలో ఒక్క తప్పు కూడా రాలేదు. మిగతా మూడింట్లో వచ్చాయి. దానికి పైసా ఖర్చు లేదు, కొంచెం జరపడమే. అరవై ఏళ్లు దాటింది. దుకాణానికి వెళ్లి చూడండి, చతురస్రమే ఎక్కువ. ఎందుకంటే కొనేటప్పుడు మనం నాబ్ పట్టుకోం, గాజు పలక మెరుపు చూస్తాం.

అలవాటు కూడా ఉంటుంది. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ స్విచ్ పైకి నొక్కితే వెలుగుతుంది, మన దగ్గర కిందికి. ఇరవై ఏళ్లయినా, సెలవులకి వచ్చిన మొదటి రెండ్రోజులు మా ఇంట్లో అన్నీ ఉల్టా నొక్కుతుంది.

రంగు గురించి ఒక్క మాట. ప్యాకెట్ మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు చుక్క ఉండేవి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని కళ్లు మగవాళ్లలో చాలానే ఉంటాయి. యూరప్ మూలాలున్న మగవారిలో వందకి ఎనిమిది మంది. మన దగ్గర కొంచెం తక్కువ, అయినా ఈ హాల్లో ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్లకి ఆ రెండు చుక్కలూ ఇంచుమించు ఒకటే. 2020 నిబంధనల్లో మాంసాహారపు గుర్తుని చుక్క తీసేసి త్రిభుజం చేశారు. రంగు అందకపోతే ఆకారం అందుతుంది. మంచి పని జరిగినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు, గమనించరు కూడా.

ఇప్పటిదాకా తేడా ఉండి తెలియని సంగతులు. తేడా లేకుండానే తెలిసేవి కూడా ఉన్నాయి. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా? అందరినీ చిన్నప్పుడు అడిగే ఉంటారు. రెండూ ఒకటే అని చెప్పి తెలివైనవాళ్లం అయ్యాం. కానీ నిజంగా చేతిలో పెట్టుకుంటే? చిన్నగా ఉన్నదే బరువుగా అనిపిస్తుంది. రెండూ తూచి చూశాక కూడా, ఒకటే అని తెలిశాక కూడా! 1891లో షార్పాంటియే అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. తల ఒప్పుకుంటుంది, చెయ్యి ఒప్పుకోదు.

నేను పనిచేసిన కంపెనీలో ఒకసారి మిక్సీ చప్పుడు తగ్గించాం. ఏడాదిన్నర పని. మోటారు అదే, బ్లేడు అదే, పప్పు నలగడానికి పట్టే టైమూ అదే. చప్పుడు మాత్రం బాగా తగ్గింది. పదిమంది గృహిణులని పిలిచి చూపించాం. ఒకావిడ ఇడ్లీ పిండి రుబ్బి, మూత తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, ‘పిండి బాగానే ఉందండీ, కానీ దీనికి పవర్ లేదు’ అంది. పిండి చేతిలోనే ఉంది! మిగతావాళ్లూ తలూపారు. మా బాసు మొహం చూడాలి. చివరికి కొంత చప్పుడు మళ్లీ పెట్టి అమ్మారు. ఆవిడ తప్పా? ముప్పై ఏళ్లుగా ఆవిడ చెవి, ‘గట్టిగా అరిచేది గట్టిగా పనిచేస్తుంది’ అని నేర్చుకుంది. ఆ నేర్పింది మేమే.

అప్పడం సంగతీ అంతే. 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో జాంపిని, స్పెన్స్ అనే ఇద్దరు, చిప్స్ కొరుకుతున్నవాళ్ల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఆ కరకర శబ్దంలో సన్నటి స్వరాలని పెంచి వినిపించారు. అవే చిప్స్ ఇంకా తాజాగా, ఇంకా కరకరగా ఉన్నాయన్నారు తిన్నవాళ్లు. దీనికి 2008లో నవ్వులాటకిచ్చే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. నాకైతే నవ్వు రాదు, పెళ్లి భోజనంలో అప్పడం విరిగిన చప్పుడు వినగానే నోరూరడం మనకి తెలుసు.

చివరిగా ముక్కు. గ్యాస్ వాసన ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కదా? ఎలా ఉంటుంది? కుళ్లిన ఉల్లిపాయలా, కుళ్లిన క్యాబేజీలా. నిజానికి సిలిండర్‌లో గ్యాస్‌కి సొంత వాసన ఏమీ లేనట్టే. ఆ వాసన కలిపినది. ఇథైల్ మెర్కాప్టన్ అంటారు, చాలా చాలా కొద్దిగా ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో ఒక బడి కింద వాసన లేని సహజ వాయువు నిండిపోయి పేలింది. సుమారు మూడొందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. గదిలో గ్యాస్ ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా వాళ్లకి తెలిసే దారే లేదు. ఆ తర్వాతే అక్కడ వాసన కలపాలని చట్టం వచ్చింది. మన వంటింట్లో ఆ దుర్వాసన వెనక ఉన్నదీ అదే ఆలోచన.

ఒక జాగ్రత్త. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. వంటింట్లోనే ఉన్నవారికి కాసేపటికి ఆ వాసన తెలియడం మానేస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు ‘గ్యాస్ వాసన వస్తోందేంటి’ అంటే, ‘నాకేం రావట్లేదే’ అనకండి. వాళ్ల ముక్కే నమ్మండి. స్విచ్ ముట్టుకోకుండా కిటికీలు తెరవండి, రెగ్యులేటర్ ఆపండి, 1906కి ఫోన్ చేయండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా. మా అత్తగారికి బీపీ మాత్ర, షుగర్ మాత్ర రెండూ ఒకేలాంటి స్ట్రిప్‌లలో వస్తున్నాయి, మార్చి వేసుకుంటున్నారు, ఏం చేయాలి అంటున్నారు ఈవిడ. చాలా మంచి ప్రశ్న. అవి ఒకేలా ఉండటం అనుకోకుండా జరగదమ్మా. మాక్స్ వెర్ట్‌హైమర్ అని జర్మనీలో పనిచేసిన సైకాలజిస్టు 1923లోనే చెప్పాడు, ఒకలాంటివి కనిపిస్తే మన కన్ను వాటిని ఒక గుంపుగా చూస్తుందని. కంపెనీకి కావాల్సింది అదే, మా మందులన్నీ ఒక కుటుంబంలా కనబడాలి. షాపు అరలో అది అందం. అత్తగారి మంచం పక్కన అదే ప్రమాదం.

కలర్ పెన్నుతో గీత గీశాను అంటున్నారు. ఆవిడ తెల్లవారుజామున కళ్లద్దాలు పెట్టుకుంటారా? పెట్టుకోరు కదా. ఒక స్ట్రిప్‌కి రబ్బరు బ్యాండు తగిలించండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. రెండింటికీ తగిలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మాత్రలు చింపేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస చివరిదాకా ఉంచండి. ముందు డాక్టరుగారికి, మందుల షాపు ఆయనకి కూడా ఒక మాట చెప్పండి, వేరే కంపెనీది అదే మందు దొరుకుతుందేమో. స్ట్రిప్ వేరుగా ఉంటుంది.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. పళ్లెం వచ్చిందా? ఇవ్వండి. లెక్కపెడతాను ఉండండి. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. ఒకటి తక్కువుంది. బొటనవేలు బొమ్మ రూపాయి. ఎవరో రెండు రూపాయలనుకుని అనుమానం లేకుండా జేబులో వేసుకున్నట్టున్నారు. ఒకసారి జేబులు చూసుకోండి బాబూ, వచ్చే వారం కాలేజీలో ఇదే పాఠం ఉంది, ఆ బిళ్ల మళ్లీ దొరకడం కష్టం.